మాతృత్వాన్ని నిలిపిన శస్త్రవైద్యుడు డాక్టర్ శిరోడ్కర్

ప్రపంచంలో ఏ దేశపు ప్రసూతి వైద్యశాలలోనైనా వైద్యుల నోట వినవచ్చే భారతీయుని పేరు ఒకటి ఉంది. నాలుగవ నెలలోనో ఐదవ నెలలోనో గర్భం నిలువక బిడ్డను పోగొట్టుకొనే తల్లులకు గర్భాశయ ముఖద్వారం చుట్టూ వేసే కుట్టును నేటికీ శిరోడ్కర్ కుట్టు అనే వ్యవహరిస్తారు. ఆ కుట్టును రూపొందించిన డాక్టర్ విఠల్ నగేశ్ శిరోడ్కర్ పేరు లోకానికి తెలిసినంతగా ఆయన చేసిన మరొక సేవ తెలియదు. కాన్పుల వలన గర్భసంచి క్రిందికి జారిపోయి, ఆ బాధను ఎవరితోనూ చెప్పుకోలేక దినాలు గడిపే స్త్రీలకు, ఆ అవయవాన్ని తొలగించకుండానే తిరిగి యథాస్థానంలో నిలిపే శస్త్రచికిత్సను కూడా ఆయనే రూపొందించారు. ఈ రెండు చికిత్సలలోనూ ఆయన దృష్టి కోత మానడంతో ఆగిపోలేదు. ఇంటికి తిరిగి వెళ్ళిన స్త్రీ తరువాతి జీవితం ఎట్లా ఉండాలన్న ఆలోచన ఆయన పనికి ఆధారమైంది.

బాల్యం, విద్యాభ్యాసం

శిరోడ్కర్ 1899 ఏప్రిల్ 27న గోవాలోని శిరోడా గ్రామంలో జన్మించారు. ఆనాటికి గోవా పోర్చుగీసు పాలనలో ఉండేది. ఊరి పేరునకు కర్ అను మాటను చేర్చి ఇంటిపేరుగా పెట్టుకోవడం ఆ ప్రాంతపు ఆచారం. ఆ విధంగా పుట్టిన ఊరి పేరే ఆయనతో పాటు దేశదేశాల వైద్య గ్రంథాలలోనికి ఎక్కింది.

ఆయన బాల్య విద్య హుబ్లీ పట్టణంలో సాగింది. ఆ రోజులలో హుబ్లీ బొంబాయి రాష్ట్రంలో భాగం. కొంకణి మాట్లాడే సీమలో పుట్టి, కన్నడ సీమలో అక్షరాలు దిద్ది, మరాఠీ, గుజరాతీ భాషలు కలగలిసిన బొంబాయి నగరంలో స్థిరపడిన జీవితం ఆయనది. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష, బజారులో మరొక భాషగా పెరిగే సరిహద్దు గ్రామాల పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు.

1845లో స్థాపితమైన గ్రాంట్ వైద్య కళాశాల బొంబాయి నగరంలో పేరెన్నిక గన్నది. దానికి అనుబంధంగా ఉన్నదే జె.జె. ఆసుపత్రి. శిరోడ్కర్ అక్కడ చదివి 1923లో ఎం.బి.బి.ఎస్. పట్టా పొందారు. ప్రసూతి, స్త్రీ వ్యాధి శాస్త్రాలలో ఉన్నత విద్య నభ్యసించి 1927లో ఎం.డి. పట్టాను స్వీకరించారు. పిమ్మట ఇంగ్లాండుకు వెళ్ళి 1931లో శస్త్రవైద్యులకు ఉన్నతమైన ఎఫ్.ఆర్.సి.ఎస్. అర్హతను సాధించారు. స్వదేశానికి తిరిగి వచ్చి తాను చదివిన కళాశాలలోనే ఆచార్యులుగా, దాని ఆసుపత్రులలో శస్త్రవైద్యులుగా పనిచేశారు.

నోట పలుకలేని వ్యాధి

ఆ ఆసుపత్రులకు వచ్చే స్త్రీలలో పేదలు, పల్లెల నుండి వచ్చినవారు ఎందరో ఉండేవారు. వారిని పీడించిన వ్యాధులలో గర్భసంచి జారడం ఒకటి. ఈ వ్యాధి స్వభావం తెలిస్తేనే శిరోడ్కర్ చేసిన పని విలువ తెలుస్తుంది.

పాతకాలపు ఇండ్లలో దూలానికి ఉట్టి కట్టి అందులో కుండను నిలిపేవారు. స్త్రీ దేహంలో గర్భసంచి కూడా ఇంచుమించు అట్లే అమరి ఉంటుంది. దానిని వెనుకకు, ప్రక్కలకు పట్టి ఉంచే లిగమెంట్లు ఉట్టి తాళ్ళ వంటివి. కటి ఎముకల నడుమ గిన్నె అడుగువలె అల్లుకొని ఉన్న కండరాలు క్రింద నుండి ఆనుకొనే పీట వంటివి. ఆ పీట మీదనే మూత్రాశయం, గర్భసంచి, మలాశయం మూడూ ఆని ఉంటాయి. తాళ్ళు సాగి, పీట కుంగినప్పుడు కుండ క్రిందికి దిగుతుంది. దానితో పాటు ముందున్న మూత్రాశయం, వెనుకనున్న మలాశయం కూడా వాలుతాయి.

ఇట్లు సాగిపోవడానికి కారణాలు పల్లె జీవితంలోనే ఉన్నాయి. చిన్న వయస్సులో పెండ్లి, దినాల తరబడి సాగే కష్టమైన కాన్పు, ముఖద్వారం పూర్తిగా తెరుచుకొనక మునుపే ముక్కమని బలవంతపెట్టడం, ఏడాది తిరగకుండానే మరొక కాన్పు, చాలీచాలని తిండి, పచ్చి బాలింతగా ఉండగానే నీళ్ళ బిందెలు, గడ్డి మోపులు ఎత్తడం, ఇవన్నీ ఆ తాళ్ళను బలహీనపరుస్తాయి. అరుదుగా పుట్టుకతోనే ఈ బంధకాలు బలహీనంగా ఉన్న ఆడపిల్లలలో ఒక్క కాన్పు కూడా కాకముందే గర్భసంచి జారుతుంది.

ప్రాణం తీసే జబ్బు కాకపోవడం వలననే దీనిని ఇంటివారు పట్టించుకొనరు. ఆ స్త్రీకి మాత్రం తెల్లవారి లేచింది మొదలు బాధయే. ఏదో క్రిందికి దిగుతున్నట్లు బరువు, సాయంకాలానికి పెరిగే నడుము నొప్పి, మూత్రం పూర్తిగా రాకపోవడం లేదా దగ్గినప్పుడు జారిపోవడం, బయటికి వచ్చిన భాగం బట్టకు రాసుకొని పుండు పడడం జరుగుతాయి. పెండ్లిళ్ళకు, తీర్థాలకు వెళ్ళడం మానుకొంటుంది. బస్సులో దూర ప్రయాణం అంటే భయపడుతుంది. భర్తకు దూరంగా ఉంటుంది. కారణం చెప్పుకొనలేక నింద పడుతుంది. తల్లితోనైనా చెప్పక ఇరవై ముప్పై ఏండ్లు గడిపినవారు ఉన్నారు.

అంతవరకు ఉన్న చికిత్సలు

శిరోడ్కర్ వైద్యవృత్తిలో ప్రవేశించే నాటికి ఈ వ్యాధికి మూడు మార్గాలు ఉండేవి. మొదటిది లోపల రబ్బరు రింగును అమర్చి గర్భసంచిని పైకి నిలిపి ఉంచడం. రెండవది గర్భసంచిని పూర్తిగా తీసివేయడం. మూడవది ఇంగ్లాండులోని మాంచెస్టర్ నగరంలో పుట్టిన శస్త్రచికిత్స.

మాంచెస్టర్ నూలు మిల్లుల నగరం. గంటల తరబడి నిలబడి పనిచేసే అక్కడి శ్రామిక స్త్రీలలోనూ ఈ వ్యాధి ఉండేది. 1888లో ఆర్చిబాల్డ్ డోనాల్డ్ అనే వైద్యుడు అక్కడ ఒక శస్త్రచికిత్సను ఆరంభించారు. ఫాదర్‌గిల్ అనే మరొక వైద్యుడు తరువాత దానిని సవరించారు. సాగిన గోడలను బిగించి, పొడవు పెరిగిన గర్భాశయ ముఖద్వారాన్ని కొంత కోసివేసి, ప్రక్కనున్న బంధకాలను ముందుకు తెచ్చి కుట్టడం అందలి పద్ధతి. కాన్పులు ముగిసిన స్త్రీలకు అది మేలు చేసింది. వారు తిరిగి పనిలోనికి వెళ్ళగలిగారు.

చిక్కు వచ్చింది ఇంకా పిల్లలు కావలసిన స్త్రీల విషయంలో. ముఖద్వారం అన్నది గర్భసంచికి మూత వంటిది. తొమ్మిది నెలలు బిడ్డను లోపల పట్టి ఉంచేది అదే. దానిని కోసినప్పుడు కొందరికి గర్భం నిలువదు, కొందరికి అసలు గర్భమే రాదు. మరికొందరికి కోసిన చోట గట్టిపడి కాన్పు కష్టమవుతుంది. జారిన గర్భసంచి పైకి వెళ్ళింది గాని ఒడిలోనికి బిడ్డ రాలేదు.

ఇరవై, ఇరవై ఐదేండ్ల వయస్సులోనే ఈ వ్యాధితో వచ్చే స్త్రీలు భారతదేశంలో తక్కువ కాదు. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చే వరకు దేశంలోని చాలా ప్రాంతాలలో భర్త రెండవ పెండ్లి చేసుకోవడానికి అడ్డు లేదు. పిల్లలు కలుగని స్త్రీకి పుట్టింటనే బ్రతుకు తెల్లవారేది. అట్టి స్త్రీకి చేసిన శస్త్రచికిత్స వైద్యుని లెక్కలో విజయవంతమైనా ఆమె జీవితంలో విఫలమైనట్లే. శిరోడ్కర్ ఈ లోపాన్ని గుర్తించారు.

కొత్త తాడు కట్టిన వైద్యుడు

ఆయన మొదట మాంచెస్టర్ పద్ధతినే సవరించారు. ముఖద్వారాన్ని కోసివేయకుండా, వెనుకవైపున సాగిపోయిన లిగమెంట్లను విడదీసి, వాటిని ముఖద్వారానికి ముందువైపునకు తెచ్చి కుట్టారు. దీని వలన గర్భసంచికి పట్టు దొరికింది, మూత చెక్కుచెదరలేదు. స్త్రీ వ్యాధుల పాఠ్యగ్రంథాలలో ఇది శిరోడ్కర్ సవరణగా స్థానం పొందింది.

కొందరు స్త్రీలలో ఆ లిగమెంట్లు కుట్టుటకు కూడా పనికిరానంత బలహీనంగా ఉండేవి. అట్టివారి కోసం ఆయన కడుపు తెరిచి చేసే మరొక పద్ధతిని రూపొందించారు. పాత తాడు తెగిపోతే కుండను పారవేయరు, కొత్త తాడు కడతారు. ఆయన చేసినదీ అదే. గర్భసంచి మెడ వెనుక భాగానికి ఒక పట్టీని కుట్టి, దాని కొనలను ఉదర కుహరపు పొర క్రిందుగా వెనుకకు తీసుకొని వెళ్ళి, వెన్నెముక దిగువనున్న త్రికాస్థి ఎముక పైభాగాన బిగించారు. తొడ బయటి ప్రక్కన కండరాలను కప్పి ఉండే గట్టి పొర నుండి తీసిన పట్టీని, ఆ తరువాత కృత్రిమ దారంతో నేసిన మెర్సిలీన్ టేపును ఇట్టి పనులకు వాడారు.

ఈ పద్ధతిలో గర్భసంచి సహజంగా ఏ దిక్కునకు వాలి ఉండాలో ఆ దిక్కునకే నిలుస్తుంది. కడుపు ముందు గోడకు అంటగట్టినట్లు కాక, ప్రకృతి ఇచ్చిన లిగమెంట్ల దారినే కొత్త పట్టీ అనుసరిస్తుంది. గర్భం ధరించే అవకాశం మిగులుతుంది. ఇది సులువైన శస్త్రచికిత్స కాదు. ఎడమ ప్రక్కన పెద్ద ప్రేవు అడ్డు వస్తుంది. మూత్రనాళాలు, పెద్ద రక్తనాళాలు దగ్గరలోనే ఉంటాయి. మంచి అనుభవం గల చేతులు కావాలి. అందువలననే పురందరే, ఖన్నా మొదలగు భారతీయ వైద్యులు ఇదే ఆశయంతో మరికొన్ని తేలిక పద్ధతులను రూపొందించారు. చిన్న వయస్సులో గర్భసంచి జారిన స్త్రీలకు దానిని నిలిపి ఉంచే చికిత్సలు భారతదేశంలో ఇంత విరివిగా అభివృద్ధి చెందడంలో శిరోడ్కర్ కృషి ప్రధానమైనది.

ప్రపంచ ఖ్యాతి తెచ్చిన కుట్టు

ముఖద్వారం బలహీనమైతే గర్భం నిలువదన్న సత్యం ఆయనను మరొక ఆవిష్కరణకు నడిపించింది. కొందరు స్త్రీలకు మూడు నెలలు సుఖంగా గడిచి, ఆ తరువాత నొప్పులు లేకుండానే ముఖద్వారం తెరుచుకొని గర్భస్రావమవుతుంది. మరల గర్భం ధరిస్తే మరల అదే జరుగుతుంది. ఊరివారు దీనిని గ్రహదోషమనో, దిష్టి అనో తలచేవారు. అట్టి స్త్రీలకు నాలుగవ నెల ప్రాంతంలో ముఖద్వారం చుట్టూ, పొర క్రింద పట్టీని చొప్పించి, సంచి మూతికి దారం కట్టినట్లు బిగించే విధానాన్ని శిరోడ్కర్ రూపొందించారు. మొదట ఆ తల్లి తొడ నుండి తీసిన పొర పట్టీనే ఇందుకు వాడారు.

ఈ విధానాన్ని గురించిన ఆయన వ్యాసం 1955లో మద్రాసు నుండి వెలువడే యాంటిసెప్టిక్ అనే వైద్య పత్రికలో ప్రచురితమైంది. విదేశీ పత్రికలో కాక దక్షిణ భారతదేశపు పత్రికలో వచ్చిన చిన్న వ్యాసం ప్రపంచమంతటా ప్రసూతి వైద్యాన్ని మార్చివేసింది. 1957లో ఆస్ట్రేలియా వైద్యుడు మెక్‌డొనాల్డ్ దీనికన్న సులువైన కుట్టును ప్రకటించారు. నేటికీ ఈ రెండు పేర్లూ వైద్య విద్యార్థులు పక్కపక్కనే చదువుకొంటారు.

మూసుకొనిపోయిన గర్భనాళాలను బాగుచేసే శస్త్రచికిత్సలోనూ శిరోడ్కర్ పరిశ్రమ చేశారు. తన అనుభవాలను కంట్రిబ్యూషన్స్ టు అబ్‌స్టెట్రిక్స్ అండ్ గైనకాలజీ అనే గ్రంథంగా 1960లో వెలువరించారు. పిల్లలు లేనివారికి పిల్లలు కలిగేందుకు ఎంత శ్రమించారో, వరుస కాన్పులతో అలసిన స్త్రీలకు విశ్రాంతి దొరికేందుకు అంతగా పాటుపడ్డారు. భారత కుటుంబ నియంత్రణ సంఘం తొలి దినాలలో దానిని నిలిపినవారిలో ఆయన ఒకరు. బిడ్డ కావాలా, వద్దా, ఎప్పుడు కావాలి అన్నది ఆ స్త్రీకి చెందిన విషయమన్న దృష్టితో చూస్తే ఈ రెండు పనులూ ఒక్కటే.

భారత ప్రభుత్వం 1960లో పద్మభూషణ్, 1971లో పద్మవిభూషణ్ బిరుదులతో ఆయనను సత్కరించింది. 1971 మార్చి 7న తన డెబ్బది రెండవ ఏట శిరోడ్కర్ కీర్తిశేషులైనారు.

ఆయన తరువాత

ఒకప్పుడు గర్భసంచి శస్త్రచికిత్స ఫలితాన్ని వైద్యులు తమ కంటితోనే కొలిచేవారు. జారిన భాగం పైకి వెళ్ళిందా, కుట్టు మానిందా అని చూసి పని ముగిసిందనేవారు. కాలక్రమాన ఆ పద్ధతి మారింది. నడుము బరువు తగ్గిందా, మూత్రం అదుపులో ఉన్నదా, పని చేసుకోగలుగుతున్నారా, దాంపత్య జీవితం ఎట్లున్నది, నలుగురిలోనికి వెళ్ళగలుగుతున్నారా అని స్త్రీలనే అడిగి, వారి జవాబులను లెక్కించే ప్రశ్నావళులు వచ్చాయి. లోపలి గోడలు కొంత వదులుగా ఉన్నా బాధ తీరి సంతృప్తిగా ఉన్నవారు ఉన్నారు. పరీక్షలో అంతా సరిగా ఉన్నా కొత్తగా మూత్రం జారడమో నొప్పియో కలిగి బాధపడేవారూ ఉన్నారు. తాను ఏ బాధ తీరాలని శస్త్రచికిత్సకు ఒప్పుకొన్నదో ఆ బాధ తీరిన స్త్రీయే తృప్తి చెందుతుందని ఈ పరిశీలనల సారాంశం.

ఈ వ్యాధి ఒక్క శస్త్రచికిత్సతో శాశ్వతంగా తీరిపోతుందన్న హామీ లేదు. 1997లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, గర్భసంచి జారడం, మూత్రం జారడం వంటి కారణాలకు శస్త్రచికిత్స చేయించుకొన్న స్త్రీలలో సుమారు 29 శాతం మందికి అది రెండవసారియో అంతకన్న ఎక్కువసారియో అని తేలింది. కృత్రిమ వలలను యోని మార్గం గుండా అమర్చే చికిత్స కొంతకాలం విరివిగా సాగింది. ఆ వలలు లోపల కోసుకొని నొప్పి కలిగించాయని వేలాది స్త్రీలు న్యాయస్థానాలను ఆశ్రయించారు. గర్భసంచి జారినవారికి ఆ మార్గంలో అమర్చే వలల అమ్మకాన్ని 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ నిలిపివేయించింది. శిరోడ్కర్ పద్ధతి వంటి కడుపు మార్గపు చికిత్సలకు ఆ ఉత్తర్వు వర్తించలేదు.

తెలుగునాట మరొక విధమైన కష్టం ఉంది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో వారు సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం. అవసరమై తీయించుకొన్నవారు ఇందులో ఉన్నారు. తెల్లబట్ట, నడుము నొప్పి వంటి మందులతో తగ్గే బాధలకే గర్భసంచిని పోగొట్టుకొన్నవారూ ఉన్నారు. చిన్న వయస్సులో అండాశయాలను కూడా తీసివేస్తే ముట్టు ఆగిపోయిన లక్షణాలు, ఎముకల బలహీనత ముందుగానే వస్తాయి. గర్భసంచిని తీసినంత మాత్రాన క్రింది కండరాల బలహీనత తీరదు. ఆ తరువాత యోని గోడలే జారవచ్చు.

ఈ స్థితిలో శిరోడ్కర్ జీవితం నుండి గ్రహించవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. గర్భసంచి జారినదని తెలిసిన వెంటనే తీసివేయడమే దారి అనుకొనరాదు. ఆరంభ దశలో క్రింది కండరాలను బిగించి వదలే వ్యాయామం, రింగు, మలబద్ధకం, దీర్ఘకాలపు దగ్గులకు చికిత్స మేలు చేస్తాయి. శస్త్రచికిత్స తప్పనప్పుడు గర్భసంచిని నిలిపి చేయవచ్చునా, పిల్లలు కలిగే అవకాశం ఉంటుందా, మూత్రం విషయంలో ఏమి మారుతుంది, తిరిగి జారితే ఏమి చేయాలి అన్న నాలుగు విషయాలను వైద్యుని అడిగి తెలుసుకోవలసి ఉంది. ఇంటికి వచ్చిన తరువాత వైద్యులు చెప్పినన్నాళ్ళు బిందెలు, మోపులు ఎత్తకుండా విశ్రాంతి ఇవ్వడం ఇంటివారి బాధ్యత. ఎంత నేర్పుతో కట్టిన పట్టీ అయినా నెల తిరగకుండా నీళ్ళ బిందె ఎత్తవలసి వస్తే నిలువదు.

శిరోడ్కర్ దగ్గరకు వచ్చిన స్త్రీలు చాలామంది తమ బాధను పూర్తిగా చెప్పుకొనలేని తరానికి చెందినవారు. వారు చెప్పలేనిదానిని ఆయన గ్రహించి కత్తి పట్టారు. నేటి తరపు స్త్రీలకు చదువు ఉంది, అడిగే అవకాశం ఉంది. ఊరి ఆరోగ్య కార్యకర్త దగ్గరనో, ప్రభుత్వ ఆసుపత్రిలోనో సిగ్గుపడక నోరు తెరిచి చెప్పినప్పుడు ఆ మహావైద్యుడు రూపొందించిన విద్య వారి ఇంటి గడప వరకు చేరుతుంది.